రెండు గట్లు, రెండు రైలు దారులు – జర్మనీలో రైన్ లోయ కథ



ఊడ్పులు అయిపోయి కాస్త తీరిక దొరికింది. మొన్న జర్మనీ ఎట్లా ఉందో రాయమని చాలామంది అడిగారు. అక్కడి పాల ధరలు, ట్రాక్టర్ల సంగతి ఇంకోసారి రాస్తా. ఈసారి రైళ్ళ గురించి. రైళ్ళతో మనకేం పని అనుకోకండి, చివరిదాకా చదవండి. ఇందులో భూమి ఉంది, ద్రాక్షతోట ఉంది, నిద్రపట్టని ఊళ్ళు ఉన్నాయి. చివర్లో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది.

మా అబ్బాయి ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. 2025లో దాళ్వా కోతలు అయిపోయాక, తొలకరికి ముందు, నేనూ మా ఆవిడా వెళ్ళి నెలరోజులు ఉండి వచ్చాం. వాడు ఆఫీసుకు పోతే మాకు తోచదు. అందుకని మా ఇద్దరికీ నెల టికెట్లు కొనిచ్చాడు. అప్పట్లో ఒక్కోటి 58 యూరోలు. ఆ టికెట్ ఉంటే దేశం మొత్తం మీద ప్యాసింజరు బండ్లన్నీ ఎక్కొచ్చు, ఎక్స్‌ప్రెస్‌లు మాత్రం కుదరవు. మనకు ప్యాసింజరు బండి కన్నా హాయి ఏముంది!

అట్లా ఒక ఆదివారం వాడే మమ్మల్ని రైన్ నది లోయకు తీసుకెళ్ళాడు. ఆ తర్వాత మేమిద్దరమే నాలుగుసార్లు పోయాం. మా ఆవిడ కోటలు చూసింది. నేను రైళ్ళు చూశా. "ఇంత దూరం వచ్చి గూడ్సు బండ్లు లెక్కపెడతారేంటండీ" అని నవ్వింది. ఏం చేస్తాం చెప్పండి. మా పొలం పక్కనే రైలు కట్ట. చిన్నప్పుడు మా నాన్నకు గడియారం లేదు. పొద్దుటి ప్యాసింజరు పోతే చద్దన్నం వేళ, మధ్యాహ్నం మెయిలు పోతే ఎడ్లు విప్పే వేళ. రైలు కనపడితే చెయ్యి ఊపని పిల్లాడు మా ఊళ్ళో లేడు. నాకు ఆ అలవాటు ఈ వయసుకీ పోలేదు.

ముందు ఆ చోటు ఎట్లా ఉంటుందో చెప్తా.

రైన్ నది స్విట్జర్లాండ్ మంచు కొండల్లో పుట్టి నెదర్లాండ్స్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. పొడవు 1,230 కిలోమీటర్ల పైచిలుకు. మన గోదావరి కన్నా పొట్టిదే. కానీ పడవల రవాణాలో యూరప్‌లో దాన్ని మించింది లేదు. ఈ నది బింగెన్ అనే ఊరి దగ్గర కొండల్లోకి దూరి, కోబ్లెంజ్ దగ్గర బయటపడుతుంది. మధ్యలో 65 కిలోమీటర్ల లోయ. పాపికొండల్లో లాంచీ ఎక్కినవాళ్ళు ఆ ఇరుకును గుర్తుచేసుకోండి. ఇంచుమించు అదే తీరు. కాకపోతే అడవి ఉండాల్సిన చోట ద్రాక్షతోటలు, కొండకొమ్ముకో పాత కోట, నీటి ఒడ్డున పలకరాయి కప్పుల ఊళ్ళు. 2002లో యునెస్కో వాళ్ళు ఈ లోయను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

ఆ ఇరుకులోనే నది, నదికి రెండు పక్కలా రోడ్లు, రెండు పక్కలా రైలు దారులు. రెండూ డబుల్ లైన్లే. అంటే ఒక సన్నటి లోయలో నాలుగు రైలు పట్టాల జతలన్నమాట. ఎడమ గట్టున సాయంత్రం బెంచీ మీద కూర్చుంటే వెనకాల ప్యాసింజరు బండి, ఎదురుగా నీళ్ళ మీద పడవ, ఆవలి గట్టున గూడ్సు. మూడూ ఒకేసారి కనపడతాయి. ఎడమ గట్టు, కుడి గట్టు అంటే నది పారే వైపు ముఖం పెట్టి నిలబడి చూసుకోవాలి. మన కాలువల లెక్కే.

నాకు మొదట వచ్చిన అనుమానం ఇది. ఇంత ఇరుకు చోట ఒక లైను చాలదా, రెండు ఎందుకు వేశారు? ఈ కథంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఆ రోజుల్లో జర్మనీ అనే ఒక్క దేశం లేదు. చిన్నా పెద్దా రాజ్యాలు చాలా ఉండేవి. 1815లో నెపోలియన్ యుద్ధాలు ముగిశాక జరిగిన పంపకాల్లో ఈ లోయ ఎడమ గట్టు ప్రష్యా రాజ్యానికి పోయింది. కుడి గట్టు చాలామటుకు నస్సావ్ అనే చిన్న రాజ్యానిది. నదే సరిహద్దు. అన్నదమ్ములు విడిపోయి గట్టుకు అటొక బోరు, ఇటొక బోరు వేసుకున్నట్టు, ఎవరి గట్టున వాళ్ళు రైలు వేసుకున్నారు.

జర్మనీలో తొలి రైలు 1835 డిసెంబరు 7న న్యూరెంబర్గ్ నుంచి ఫ్యూర్త్ అనే పక్క ఊరికి నడిచింది. ఇంజను ఇంగ్లండు నుంచి తెప్పించారు. మరుసటి ఏడు ఆ రైల్లో తొలిసారి వేసిన సరుకు ఏంటో తెలుసా? రెండు బీరు పీపాలు! ఆ దేశంలో రైలెక్కిన మొదటి సరుకు అదేనంటారు. బార్లీ పండించిన రైతు కష్టం మొదటి టికెట్ కొట్టిందని నేను చెప్పుకుంటా.

రైన్ వైపు చూస్తే, 1844లో కొలోన్ నుంచి బాన్ దాకా లైను పడింది. అది ఎడమ గట్టునే మెల్లగా ఎగువకు పాకి 1858లో కోబ్లెంజ్ చేరింది. అక్కడి నుంచి లోయలోకి దూరి 1859 డిసెంబరులో బింగెన్ దాకా పోయింది. మన దేశంలో బొంబాయి నుంచి ఠాణాకు తొలి రైలు 1853లో నడిచింది కదా, దానికి ఆరేళ్ళ తర్వాత. కుడి గట్టున నస్సావ్ వాళ్ళ లైను వీస్‌బాడెన్ నుంచి మొదలై, లోయ పొడుగునా 1862లో పూర్తయింది. ఆ తర్వాత నాలుగేళ్ళకే, 1866 యుద్ధంలో ప్రష్యా గెలిచి నస్సావ్‌ను కలిపేసుకుంది. సరిహద్దు చెరిగిపోయింది, రెండు లైన్లు మాత్రం మిగిలాయి. ఆనాటి పంపకం వల్ల ఇవాళ్టికీ ఆ ఊళ్ళకు రెండు పక్కలా రైళ్ళ మోతే.

రైలుకు ముందు ఆ నది మీద సరుకు ఎట్లా పోయేదో కూడా చెప్పాలి. దిగువకు పడవ వాలున పోతుంది. ఎగువకు పోవాలంటే గట్టు మీద గుర్రాలను కట్టి తాళ్ళతో లాగించేవాళ్ళు. దారిలో కోటకో సుంకం. కౌబ్ అనే ఊరి దగ్గర నది మధ్య రాయి మీదే ఒక కోట కట్టారు, సుంకం ఎగ్గొట్టకుండా. తెల్లగా, పడవ ఆకారంలో ఇప్పటికీ నిలబడి ఉంది. ఇవాళ టూరిస్టులు ముచ్చటపడి ఫోటోలు తీసుకునే ఆ కోటల్లో చాలావాటి పుట్టుక మన చెక్‌పోస్టుల బాపతే. 1827లో ఆవిరి పడవలు వరసగా తిరగడం మొదలై, దేశదేశాల నుంచి జనం ఈ లోయ చూడటానికి రావడం పెరిగింది. ముప్పై ఏళ్ళకు రైలు వచ్చింది.

ఈ రైలు దారికి భూమి ఎట్లా వచ్చింది? ప్రష్యాలో 1838లోనే రైల్వే చట్టం చేశారు. లైను అప్పట్లో ప్రైవేటు కంపెనీలు వేసేవి. దారికి కావాల్సిన భూమి, సొంతదారుకి ఇష్టం లేకపోయినా, పరిహారం కట్టి తీసుకునే హక్కు ఆ చట్టం కంపెనీలకు ఇచ్చింది. భూసేకరణ అనే మాట మనకు కొత్త కాదు, వాళ్ళకూ కొత్త కాదు. ఆ లోయలో చదునుగా ఉన్న నేలంటే నది ఒడ్డున సన్నటి పట్టీ మాత్రమే. రైలు కట్ట ఆ పట్టీనే తీసుకుంది. బాఖారాఖ్ అనే ఊళ్ళో పాత కోటగోడకూ నదికీ మధ్యలో లైను పోతుంది. అంతకుముందు ఇంటి గుమ్మం నుంచి నేరుగా పడవరేవుకు దిగినవాళ్ళు, ఆనాటి నుంచి పట్టాల కింది దారిలో దూరి పోవాల్సిందే.

ఇంకో సరదా సంగతి. లోయ అందం పాడవుతుందనే చింత అప్పుడే ఉంది. ఒబర్‌వేసెల్, సాంక్ట్ గోఆర్ ఊళ్ళ మధ్య ఎడమ గట్టున కొండను తొలిచి సొరంగాలు వేశారు. వాటి ముఖద్వారాలను బురుజులు పెట్టి కోట గుమ్మాల్లాగా కట్టారు. రైలు కోటలోకి దూరి కోటలోంచి బయటికొచ్చినట్టు ఉంటుంది. అవతలి గట్టున లోరెలై అనే పెద్ద కొండ. నీటి నుంచి 130 మీటర్ల పైన ఉంటుంది. దాని మీద ఒక అందగత్తె కూర్చుని జుట్టు దువ్వుకుంటూ పాడుతుంటే పడవవాళ్ళు మైమరచి రాళ్ళకు గుద్దుకునేవాళ్ళని కథ. ఆ కొండకీ సొరంగం వేసి కుడి గట్టు రైలును దాని కిందనుంచే పోనిచ్చారు.

ఇక రైళ్ళు చూసేవాళ్ళ దగ్గరికి వద్దాం.

ఒబర్‌వేసెల్ స్టేషన్ దగ్గర పట్టాల పక్కనే ఒక గుండ్రటి పాత బురుజు ఉంది. ఎద్దుల బురుజు అని దాని పేరు. అక్కడ ఒక పెద్దాయన మడతకుర్చీ వేసుకుని కూర్చున్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. మెడలో కెమెరా, ఒళ్ళో నోటుపుస్తకం, ఫ్లాస్కులో కాఫీ. రైలొస్తే లేచి ఫోటో తీస్తాడు. కూర్చుని టైమూ, ఇంజను నంబరూ, ఏం సరుకో రాసుకుంటాడు. మా అబ్బాయి మాట కలిపాడు. పన్నెండేళ్ళ వయసు నుంచీ రాస్తున్నాడట. ఉద్యోగం వేరు, రైల్వేతో సంబంధం లేదు. ఏటా సెలవులు మాత్రం ఈ లోయలోనే.

అక్కడ ఇట్లాంటివాళ్ళు ఒకరూ ఇద్దరూ కాదు. నేను వెళ్ళిన ప్రతిసారీ కనపడ్డారు. కొండ మీద ద్రాక్షతోట గట్ల వెంబడి, నది మలుపు కనపడే చోట కెమెరా స్టాండు పెట్టుకుని గంటలు గంటలు నిలబడతారు. వాళ్ళ పని మన పనికి దగ్గర. అంతా ఎండతో లెక్క. పొద్దున తూర్పు ఎండ ఎడమ గట్టు మీద పడుతుంది, ఆ పూట ఎడమ గట్టు రైళ్ళకు ఫోటో. మధ్యాహ్నం తిరిగాక కుడి గట్టు వెలుగుతుంది, అప్పుడు అటు. లోయ ఇరుకు కాబట్టి కొండ నీడ ఎప్పుడు ఎక్కడికి జారుతుందో వాళ్ళకు నోటికి వచ్చు. మబ్బొచ్చి సరిగ్గా రైలొచ్చే క్షణంలో సూర్యుణ్ణి మూసేస్తే వాళ్ళ ముఖాలు చూడాలి! కళ్ళంలో ధాన్యం ఉండగా చినుకు పడ్డట్టే.

ఈ పిచ్చికి పెద్దల్లో ఒకాయన కార్ల్ బెల్లింగ్‌రోట్. 1897లో పుట్టి 1971లో పోయాడు. వుప్పర్టాల్ అనే ఊళ్ళో నగర కార్యాలయంలో ఉద్యోగి. వేలాది రైలు ఫోటోలు తీశాడు. రైన్ లోయ ఆయనకు ఇష్టమైన చోట్లలో ఒకటి. ఆ రోజుల్లో ఫోటో అంటే అరచేతంత గాజు పలక మీద తీయడం. ఒక పలకకు ఒకే ఫోటో. వచ్చే రైలుకు ఒకే అవకాశం, తప్పితే పోయినట్టే. ఇంత బరువు మోసుకుని కొండెక్కి, పొగ గాలికి ఎటు వాలుతుందో చూసుకుని, ఇంజను సరిగ్గా మలుపులోకొచ్చిన క్షణంలో నొక్కాలి. ఇవాళ ఆ దేశంలో పాత ఇంజన్ల మీద ఏ పుస్తకం వేసినా ఆయన ఫోటోలు లేకుండా ఉండటం అరుదు.

ఆయన కాలంలో ఈ లోయకు రాజు లాంటి బండి ఒకటుండేది. పేరు రైన్‌గోల్డ్, అంటే రైన్ బంగారం. 1928 మే నెలలో మొదలైంది. నెదర్లాండ్స్ తీరంలో బయల్దేరి రైన్ వెంబడి స్విట్జర్లాండ్ దాకా. ఊదా రంగు, మీగడ రంగు పెట్టెలు, కూర్చున్న చోటికే భోజనం. యుద్ధం వచ్చి ఆగిపోయింది. 1951లో మళ్ళీ పట్టాలెక్కింది. 1962లో ఒక పెట్టెకు పైన అద్దాల గోపురం కట్టారు, కొండలూ కోటలూ కూర్చున్నచోటి నుంచే చూడటానికి. 1987లో ఆ బండి ఆగిపోయింది. ఇప్పుడు దాన్ని చూడాలంటే ఫోటోలే దిక్కు, లేదా మ్యూజియంలో మిగిలిన పెట్టెలు.

యుద్ధం మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. కోబ్లెంజ్ దాటి దిగువకు పోతే రెమాగెన్ అనే ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యాన్ని తరలించడానికి అక్కడ రైలు వంతెన కట్టారు. రెండో యుద్ధం చివర, 1945 మార్చి 7న అమెరికా సైన్యం అక్కడికి చేరేసరికి జర్మన్లు దాన్ని పేల్చబోయారు, పూర్తిగా కూలలేదు. ఆ వంతెన మీదుగానే అమెరికా వాళ్ళు రైన్ దాటారు. పది రోజులకు అది దానంతట అదే కూలి, మరమ్మతు చేస్తున్న సైనికులు పలువురు చనిపోయారు. మళ్ళీ కట్టలేదు. రెండు ఒడ్లనా నల్లటి బురుజులు మాత్రం నిలబడి ఉన్నాయి. బింగెన్ నుంచి కోబ్లెంజ్ వరకు ఆ లోయలో ఇవాళ్టికీ ఒక్క వంతెన లేదు. అటూ ఇటూ దాటాలంటే బల్లకట్టే. కారూ, ట్రాక్టరూ, మనిషీ అంతా బల్లకట్టు మీదే.

యుద్ధం అయ్యాక బొగ్గు ఇంజన్లకు రోజులు దగ్గరపడ్డాయి. 1958-59 నాటికి ఎడమ గట్టుకు, 1962లో కుడి గట్టుకు కరెంటు తీగలు పడ్డాయి. పశ్చిమ జర్మనీ ప్రభుత్వ రైల్వేలో చివరి ఆవిరి ఇంజను 1977 అక్టోబరులో ఆగింది. ఆగడమే కాదు, ఆ తర్వాత చాలా ఏళ్ళు తమ పట్టాల మీద పాత ఆవిరి ఇంజన్లు నడపడానికే ఒప్పుకోలేదు. 1985లో రైలు పుట్టి 150 ఏళ్ళ పండగొచ్చాక గానీ మనసు మారలేదు. ఆ లోపు ఎన్ని ఇంజన్లు తుక్కు కింద పోయాయో. ఫోటోలు తీసి, నంబర్లు రాసి, డబ్బులు పోగేసి ఇంజన్లను కొని దాచిన మామూలు జనం లేకపోతే ఇవాళ చూపించడానికి అన్ని మిగిలేవి కావు. మన పాత వరి విత్తనాలు కూడా ఇట్లాగే ఏ ఒక్కరో గాదెలో దాచబట్టే కదా మిగిలాయి.

ఇక అసలు కథకొస్తున్నా. నిద్రపట్టని ఊళ్ళ కథ.

2002లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కొలోన్‌కు కొండలు తొలిచి కొత్త లైను వేశారు. గంటకు 300 కిలోమీటర్ల వేగం. హడావుడి బండ్లు చాలావరకు అటు మళ్ళాయి. లోయలో ఖాళీ అయిన దారిలోకి గూడ్సులు వచ్చాయి. నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్ ఓడరేవు నుంచి ఇటలీలో జెనోవా ఓడరేవుకు పోయే సరుకు దారిలో ఇది నడుమ ముక్క. 2016లో స్విట్జర్లాండ్ కొండల కింద 57 కిలోమీటర్ల గొట్టార్డ్ సొరంగం తెరిచాక ఈ దారికి ఇంకా విలువ పెరిగింది. కంటైనర్లు, కొత్త కార్లు, ఇనుము, రసాయనాల ట్యాంకర్లు. కౌబ్ ఎదురుగా కూర్చుని ఒక గంట లెక్కపెట్టా. కుడి గట్టున ఏడు గూడ్సులు పోయాయి. రాత్రిపూట కూడా ఆగవు.

నదిలో నీళ్ళు తగ్గితే ఇంకో తంటా. 2018 అక్టోబరులో కౌబ్ దగ్గర నీటిమట్టం కొలబద్ద 25 సెంటీమీటర్లకు పడిపోయింది. అంటే నది లోతు అంతేనని కాదు, కొలబద్ద చూపించే అంకె అది. అయినా పడవలు సగం బరువు కూడా ఎత్తలేని పరిస్థితి. అట్లాంటప్పుడు సరుకు రైలు మీద, రోడ్డు మీద పడుతుంది. వానల్లేకపోతే మన చేను ఎండుతుంది, వాళ్ళకు పడవ ఆగుతుంది.

చూడ్డానికి వచ్చినవాడికి గూడ్సు బండి పండగ. ఆ ఊళ్ళో పుట్టినవాడికో? కొండలు రెండు పక్కలా గోడల్లాగా ఉంటాయి కాబట్టి శబ్దం బయటికి పోదు, అటు తగిలి ఇటొస్తుంది. పట్టాలకు పది అడుగుల్లో ఇళ్ళున్నాయి. ఎడమ గట్టు ఊరికి తన రైలు మోతా, నీళ్ళ మీదుగా ఎదుటి గట్టు రైలు మోతా రెండూ వస్తాయి. హోటళ్ళలో దిగినవాళ్ళు రెండోరోజే ఖాళీ చేసి పోయేవాళ్ళని ఒక లాడ్జి ఆమె చెప్పింది. పిల్లలు చదువులకని పోయి తిరిగి రాకపోవడానికి ఇదీ ఒక కారణమే అంది.

అంత మోత ఎందుకొస్తుందో తెలుసుకుంటే మన బండి చక్రాల సంగతే. పాత గూడ్సు పెట్టెలకు బ్రేకు దిమ్మలు పోత ఇనుముతో చేసినవి. బ్రేకు వేసినప్పుడల్లా ఆ దిమ్మ చక్రం అంచును గట్టిగా ఒరుసుకుని దాన్ని గరుకు చేస్తుంది. గరుకెక్కిన చక్రం పట్టా మీద దొర్లితే, బ్రేకు వేయకపోయినా మోతే. దిమ్మలను వేరే మిశ్రమ పదార్థంతో చేస్తే చక్రం నున్నగా ఉంటుంది. శబ్దం సుమారు 10 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే చెవికి సగం అయినట్టు అనిపిస్తుంది. జర్మన్లు దాన్ని గుసగుస బ్రేకు అని ముద్దుగా పిలుచుకుంటారు. మందు తెలుసు, కానీ లక్షల పెట్టెలకు మార్చడానికి ఖర్చు ఎవరు పెట్టాలి? ఇక్కడే ఏళ్ళ తరబడి ఆగింది.

ఆ ఊళ్ళ జనం ఊరుకోలేదు. సంఘాలు కట్టారు, ఊరేగింపులు తీశారు. దాంతోపాటు ఇంకో పని చేశారు, అది గమనించండి. శబ్దం కొలిచే మిషన్లు పెట్టించారు. ఏ రాత్రి ఎన్ని బండ్లు, ఎంత మోత అన్నది అంకెల్లో తేలింది. "మాకు నిద్ర లేదండీ" అంటే అధికారి తల ఊపి పంపిస్తాడు. అదే, ఫలానా రాత్రి ఫలానా టైముకు ఇంత మోత అని కాగితం ముందు పెడితే జవాబు చెప్పక తప్పదు. మెల్లగా ప్రభుత్వం కదిలింది. దిమ్మలు మార్చేవాళ్ళకు డబ్బు సాయం చేసింది. మోత చేసే బండ్లకు పట్టాల అద్దె ఎక్కువ వేసింది. 2017లో చట్టం చేసింది. 2020 డిసెంబరు 13 నుంచి మోత చేసే పాత పెట్టెలు జర్మనీ పట్టాల మీద తిరగకూడదని నిషేధం. ఇప్పటికీ నిశ్శబ్దం ఏమీ కాదు, నేనే విన్నా. రాత్రి గూడ్సులు వేరే దారిన పోవాలని ఇంకా అడుగుతూనే ఉన్నారు. కానీ ముందున్నదాంతో పోలిస్తే చాలా నయం అన్నారు.

రైతుల సంగతి రాయకుండా ఎట్లా ముగిస్తా! ఆ కొండల మీద తోటలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. నిచ్చెన ఎక్కినట్టు ఎక్కాలి. నేలంతా పలకరాళ్ళు. పగలు ఎండకు కాగి రాత్రి ఆ వేడిని తీగలకు ఇస్తాయి. రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్ష అక్కడ ముఖ్యం. ట్రాక్టరు ఎక్కదు, అంతా చేతిపని. కొన్ని తోటల్లో కొండ వాలున ఒంటి పట్టా వేసి ఉంటుంది, దానికి రంపం లాంటి పళ్ళు. చిన్న ఇంజను ఆ పళ్ళను పట్టుకుని పాకుతూ మనిషినీ గంపలనూ పైకి లాగుతుంది. చేనుకు సొంత రైలన్నమాట! మా ఆవిడ కూడా కోటలు వదిలేసి దాన్నే చూస్తూ నిలబడింది. ఇంత చేసినా ఆ లోయలో ద్రాక్ష సాగు వందేళ్ళలో బాగా పడిపోయి, ఇప్పుడు 500 హెక్టార్లలోపే మిగిలింది. వదిలేసిన అంచెల్లో ముళ్ళపొదలు మొలిచాయి. కూలి దొరకదు, గిట్టుబాటు కాదు, పిల్లలు రారు. భాష తెలియకపోయినా ఆ మాటలు నాకు అర్థమయ్యాయి.

ఇప్పుడు నా తప్పు చెప్తా.

కొన్నేళ్ళ కిందట మా ఊరి కట్ట పక్కన అదనపు లైను పని వచ్చింది. నా చేలో ఒక పట్టీ పోయింది. పరిహారం జాబితాలో పదకొండు కొబ్బరిచెట్లు రాశారు. నావి పదిహేడు. పాత బోరు లెక్కలోకే రాలేదు. అడిగితే "ఆధారం ఏముంది" అన్నారు. చెట్లు అప్పటికే కొట్టేశారు. నా దగ్గర ఒక్క ఫోటో లేదు, ఒక్క కాగితం లేదు. ఫోను జేబులోనే ఉంది చూడండి, పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ వందల ఫోటోలు తీశా. నా చెట్లకు ఒక్కటీ తీయలేదు. ఎవరి పేరూ చెప్పను, తప్పులో సగం నాది.

ఆ బురుజు దగ్గర పెద్దాయన నోటుపుస్తకం చూసినప్పుడు నాకు ఆ పదిహేడు చెట్లు గుర్తొచ్చాయి. ఆయన సరదాకు రాసుకుంటున్నాడు. ఆ ఊళ్ళవాళ్ళు కష్టానికి లెక్క రాయించుకున్నారు. పని మాత్రం ఒకటే. తేదీ వేసి, చూసింది చూసినట్టు రాసిపెట్టడం. ఇంజను పోయాక ఫోటో మిగిలింది. మోత తగ్గడానికి అంకె పనికొచ్చింది.

వచ్చినప్పటి నుంచి నేను ఒక పుస్తకం పెట్టా. పంటకోసారి నాలుగు గట్ల నుంచి నాలుగు ఫోటోలు. చెట్లు, బోరు, కాలువ తూము, సరిహద్దు రాయి, అన్నీ. తేదీ, ఎవరి చేను పక్కన ఏముంది, వాన ఎప్పుడు పడింది, అన్నీ రాస్తున్నా. మా నాన్నకు గడియారమైన ప్యాసింజరు బండి ఇప్పుడు లేదు. దానికీ నా దగ్గర ఫోటో లేదు. మీరైనా మీ చేను ఫోటో ఇవాళే తీసి పెట్టుకోండి. మీ ఊరి స్టేషను పాత ఫోటో ఎవరి పెట్టెలోనైనా ఉంటే ఇక్కడ పెట్టండి, అందరం చూస్తాం.

రైలు ఫోటో తీసే కుర్రాళ్ళకు ఒక మాట. పట్టాలకు దూరంగా, కట్ట దిగి తీయండి. సెల్ఫీ కోసం పట్టాల మీద నిలబడొద్దు. ఆ జర్మనీ పెద్దాయన అరవై ఏళ్ళుగా ఫోటోలు తీస్తున్నాడు, పసుపు గీత దాటలేదు.

వానలు బాగుండాలి. ఉంటాను.